వాచీలోకి నీరు చొరబడితే: తుప్పు పుట్టుక, చికిత్స

చేతి గడియారం నీళ్ళలో తడిస్తే ఏం చెయ్యాలన్న ప్రశ్నకు మన ఇళ్ళలో వినిపించే సమాధానాలు ముఖ్యంగా మూడు. ఎండలో పెట్టమంటారు కొందరు. బియ్యం డబ్బాలో వేసి రెండు రోజులు మరచిపొమ్మంటారు మరికొందరు. అద్దం మీది మసక దానంతట అదే పోయింది కనుక ఇక భయం లేదని వాచీని మళ్ళీ చేతికి పెట్టుకునేవారు ఇంకొందరు. బ్యాటరీతో నడిచే ఇరవై డాలర్ల వాచీ విషయంలో ఈ మూడింటిలో ఏది చేసినా పెద్దగా పోయేదేమీ లేదు. కాని పెళ్ళిలో మామగారు పెట్టిన వాచీ, తండ్రి పదవీ విరమణ నాడు పిల్లలందరూ కలిసి కొనిచ్చిన వాచీ, తొలి ఉద్యోగంలో కూడబెట్టిన జీతంతో ముచ్చటపడి కొనుక్కున్న వాచీ అయితే సంగతి వేరు. వేల డాలర్లు ఖరీదు చేసే యాంత్రిక గడియారాలకు పై మూడు సలహాలూ హాని చేసేవే. ఎందుకు హాని చేస్తాయో గ్రహించడానికి గడియార నిర్మాణం కొంత తెలిస్తే చాలు. రసాయన శాస్త్రం మాత్రం కాస్త ఎక్కువగానే కావాలి. ఆ రసాయన శాస్త్రాన్నే ఈ వ్యాసంలో వీలైనంత తేలిక మాటలలో వివరిస్తాను.

ముందుగానే ఒక మాట చెప్పుకుందాం. వాచీని చెడగొట్టేది ఒక్క నీరే కాదు. నీరు, గాలిలోని ఆమ్లజని, కాలవ్యవధి, ఈ మూడూ కలిసినప్పుడే తుప్పు పుడుతుంది. ప్రమాదం జరిగిపోయిన తరువాత మొదటి రెండూ లోపలే ఉన్నాయి. యజమాని చేతిలో మిగిలినది మూడవది మాత్రమే.

లోపల ఉన్న లోహాలు

ఉదాహరణకు ఒక వాచీని తీసుకుందాం. రోలెక్స్ సంస్థ డేట్‌జస్ట్ అనే నమూనాను 1945లో ప్రవేశపెట్టింది. 1988 నుంచి చాలా ఏళ్ళపాటు అందులో 3135 అనే సంఖ్యతో పిలిచే యంత్రాన్ని అమర్చారు. మనవాళ్ళ చేతులకు, అందులోనూ గల్ఫ్ దేశాలలో పనిచేసి వచ్చినవారి చేతులకు, కనిపించే ఖరీదైన వాచీలలో ఇది ఒకటి. ఇందులోని బాలెన్స్ చక్రం గంటకు 28,800 సార్లు, అంటే సెకనుకు 8 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు దాదాపు 7 లక్షలు, ఏడాదికి 25 కోట్లు! మన గుండె కూడా అంత వేగంగా కొట్టుకోదు.

ఈ యంత్రానికి పునాదిగా ఉండే పలకలు ఇత్తడివి. వాటి మీద చిలుము పట్టకుండా రోడియం పూత ఉంటుంది. ఇరుసులు, మరమేకులు, తేదీని మార్చే మీటలు, కీ ఇచ్చే కడ్డీ, దాని చుట్టూ ఉండే చిన్న పళ్ళచక్రాలు ఉక్కువి. ఇరుసుల కొనలు తిరిగే గుంటలు కెంపులతో చేసినవి. ఈ యంత్రంలో 31 కెంపులున్నాయి. ఇవి గనిలో దొరికే కెంపులు కావు. అల్యూమినియం ఆక్సైడులో రవ్వంత క్రోమియం చేర్చి కొలిమిలో పెంచిన కృత్రిమ రత్నాలు. ఆ పద్ధతిని ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ వెర్నోయ్ 1902లో వెల్లడించాడు. నీటిలో నూరేళ్ళు నానినా వీటికి ఏమీ కాదు. శక్తిని దాచుకునే పెద్ద కమానును ఈ కాలంలో తుప్పు పట్టని కోబాల్టు మిశ్రమలోహంతో చేస్తున్నారు కనుక దానికీ పెద్ద భయం లేదు.

ఇక మిగిలినది హెయిర్‌స్ప్రింగ్. పేరుకు తగ్గట్టు వెంట్రుక కంటె సన్నని కమాను ఇది. బాలెన్స్ చక్రాన్ని ఇటూ అటూ ఊపే బాధ్యత దీనిదే. వేడికి, చలికి దీని బిగువు మారితే గడియారం తప్పు చూపిస్తుంది. ఆ లోపాన్ని ఇనుము, నికెల్ మిశ్రమాలతో జయించిన షార్ల్ గియోమ్‌కు 1920లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. తరువాత 1933 ప్రాంతంలో రైన్‌హార్డ్ స్ట్రౌమన్ రూపొందించిన నివరాక్స్ అనే మిశ్రమలోహం స్విస్ వాచీలన్నిటా వ్యాపించింది. మారనిది, ఆక్సీకరణానికి లొంగనిది అనే అర్థం వచ్చే జర్మన్ మాటల పొట్టిరూపమే ఆ పేరు. లొంగదన్న మాట పూర్తిగా నిజం కాదు, కాని మామూలు ఉక్కుతో పోలిస్తే చాలా మేలు.

ఈ కమాను మందం సుమారు 0.03 మిల్లీమీటర్లు. కమాను బిగువు దాని మందం యొక్క ఘనాన్ని బట్టి మారుతుంది. ఊగే వేగం ఆ బిగువు యొక్క వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఈ రెండింటినీ కలిపి లెక్క వేస్తే, మందంలో నూటికి ఒక వంతు తరిగితే గడియారం రోజుకు దాదాపు 21 నిమిషాలు వెనకబడుతుందని తేలుతుంది. వెయ్యింటికి ఒక వంతు తరిగినా రెండు నిమిషాలు తేడా వస్తుంది. మంచి వాచీ రోజుకు కొద్ది సెకన్లకు మించి తప్పకూడదని మన ఆశ. తుప్పు అనే మాటకు ఇక్కడ ఉన్న విలువ ఇంటి గేటుకు పట్టిన తుప్పుకు ఉన్న విలువ కాదు.

మన హెచ్.ఎం.టి. వాచీల సంగతేమిటని కొందరు అడగవచ్చు. జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగుళూరులో మొదలై, 2016లో ఆ కంపెనీని మూసివేయాలని ప్రభుత్వం నిర్ణయించేదాకా లక్షలాది కుటుంబాలకు సమయం చెప్పిన వాచీలవి. వాటి లోపలా ఉన్నవి దాదాపు ఈ లోహాలే. తుప్పుకు ఖరీదుతో నిమిత్తం లేదు.

నీరు ఏ దారిన వస్తుంది?

వాచీ వెనుక మూత దగ్గర, అద్దం చుట్టూ, కీ ఇచ్చే బొడిపె దగ్గర రబ్బరు వంటి పదార్థంతో చేసిన వలయాలు ఉంటాయి. వీటినే గాస్కెట్లు అంటాం. నీటిని ఆపేవి ఇవే. ఏళ్ళు గడిచేకొద్దీ చెమట, సబ్బు, వేడి, ఆమ్లజని కలిసి వీటి సాగే గుణాన్ని పోగొడతాయి. పాత సైకిలు ట్యూబు పెళుసెక్కినట్టే ఇవీ పెళుసెక్కుతాయి. వెనుక మూత మీద 100 మీటర్లు అని చెక్కి ఉండవచ్చు. అది వాచీ కార్ఖానా దాటిన నాటి మాట. అంతర్జాతీయ ప్రమాణాలు కూడా ఇప్పుడు నీరు చొరనిది అనే మాటను వాడనివ్వవు. నీటిని తట్టుకునేది అని మాత్రమే అననిస్తాయి.

ఈ సందర్భంలో ఒక చరిత్ర. రోలెక్స్ సంస్థ ఆయిస్టర్ పేరుతో, అంటే ముత్యపు చిప్ప పేరుతో, గట్టిగా మూసుకునే వాచీని 1926లో తయారు చేసింది. 1927 అక్టోబరులో మెర్సిడీస్ గ్లైట్జ్ అనే ఈతగత్తె ఇంగ్లీష్ ఛానల్‌ను ఈదడానికి దిగినప్పుడు ఆ వాచీని మెడలో వేసుకుంది. పది గంటలకు పైగా ఈదిన తరువాత చలికి తాళలేని స్థితిలో ఆమెను పడవలోకి ఎక్కించవలసి వచ్చింది. వాచీ మాత్రం నడుస్తూనే ఉంది. మరుసటి నెలలో పత్రిక మొదటి పేజీ నిండా ప్రకటన వెలువడింది. ఆనాడు ఆమె మెడలో ఉన్నది కొత్త వాచీ అన్న సంగతి మనం మరచిపోతూ ఉంటాం.

ఈదేటప్పుడు చేతి విసురు వల్ల వాచీ మీద ఒత్తిడి విపరీతంగా పెరుగుతుందని తరచుగా వింటాం. లెక్క వేస్తే ఆ మాట నిలవదు. చేయి సెకనుకు 5 మీటర్ల వేగంతో నీటిని చీల్చినా అదనంగా పడే ఒత్తిడి ఒక మీటరు చిల్లర లోతుకు సమానం. నా అభిప్రాయంలో అంతకంటె ఎక్కువ గమనించవలసినది ఉష్ణోగ్రతలో మార్పు. వేసవి మధ్యాహ్నం కొలను గట్టున ఎండలో కూర్చుంటే ఉక్కు వాచీ 45 డిగ్రీల దాకా వేడెక్కగలదు. 25 డిగ్రీల నీటిలో ఒక్కసారిగా దూకితే లోపలి గాలి ఒత్తిడి నూటికి ఆరు వంతులకు పైగా పడిపోతుంది. 65 సెంటీమీటర్ల లోతులో ఉన్నట్టుగా వాచీ నీటిని లోపలికి పీలుస్తుంది. గాస్కెట్ కొత్తదైతే ఇది లెక్కలోనిది కాదు. పదిహేనేళ్ళనాటిదైతే, లేదా తేదీ సరిచేసి బొడిపెను మళ్ళీ మరతిప్పి బిగించడం మరచిపోతే, ఇంతే చాలు. వేడినీటి స్నానం, సబ్బు నీరు మరింత చెడ్డవి. సబ్బు నీటి తలతన్యతను తగ్గిస్తుంది కనుక మామూలు నీరు దూరలేని సందులలోకి కూడా సబ్బు నీరు దూరుతుంది.

మసక పోవడం వెనుక మోసం

నీరు పోయిన వాచీ అద్దం లోపలివైపు మసకేస్తుంది. కొన్ని గంటలకు ఆ మసక మాయమవుతుంది. నీరు ఆవిరై బయటకు పోయిందని మనం సంతోషిస్తాం. నిజంగా అది ఎక్కడికి పోయిందో చూద్దాం.

వాచీ లోపల యంత్రం ఆక్రమించగా మిగిలిన ఖాళీ ఒక మిల్లీలీటరు అనుకుందాం. 35 డిగ్రీల వేడిలో ఒక మిల్లీలీటరు గాలి గరిష్ఠంగా ఇముడ్చుకోగల నీటి ఆవిరి 0.04 మిల్లీగ్రాములు. ఒక మిల్లీమీటరు వ్యాసం ఉన్న నీటి బొట్టు బరువు అర మిల్లీగ్రాము. అంటే గుండుసూది తలకాయంత బొట్టులో, లోపలి గాలి అంతా తడిసి ముద్దయినా పట్టనంత నీరు, దానికి పన్నెండు రెట్లు ఉన్నది. ఆ ఆవిరి బయటకు పోవాలంటే వెంట్రుకలో నూరో వంతు సందుల గుండా పోవాలి. రెండు రోజులలో అది జరిగే పని కాదు. అద్దం మీది మసక పోయిందంటే చేతి వేడికి అద్దం వెచ్చబడిందని అర్థం. నీరు అంతకంటె చల్లగా ఉన్న చోటికి, సాధారణంగా యంత్రం మీదికి, తరలిపోయిందని అర్థం.

బియ్యం పనిచెయ్యకపోవడానికి కారణం కూడా ఇదే. బియ్యం బయటి గాలిలోని తేమను కొద్దిగా పీల్చుకోగలవు. మూసి ఉన్న ఉక్కు గోడ అవతలి నీటిని పీల్చలేవు. పైగా వాటి పొడి బొడిపె సందుల్లో చేరుతుంది. ఎండ, హెయిర్ డ్రయ్యర్, ఓవెన్ వీటి సంగతి మరీ అన్యాయం. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఎండలో పెట్టిన వాచీలో నీరు పోదు, తుప్పు మాత్రం త్వరగా వస్తుంది.

మరి మూసి ఉన్న వాచీలో ఆమ్లజని ఎంత ఉంటుంది, అది త్వరలోనే అయిపోదా అని ఆలోచనాపరులైన పాఠకులు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఒక మిల్లీలీటరు గాలిలో ఆమ్లజని 0.21 మిల్లీలీటర్లు. అదంతా ఖర్చయ్యేదాకా తుప్పు పడితే 0.65 మిల్లీగ్రాముల ఇనుము తుప్పుగా మారుతుంది. వినడానికి ఇది చాలా స్వల్పం. కాని బాలెన్స్ చక్రపు ఇరుసు కొన వ్యాసం 0.1 మిల్లీమీటరు, పొడవు 0.3 మిల్లీమీటర్లు అనుకుంటే ఆ కొన బరువు 0.02 మిల్లీగ్రాముల కంటె తక్కువ. అటువంటి కొనలు ముప్పైకి పైగా పూర్తిగా తినివేయడానికి సరిపడే ఆమ్లజని ఆ ఒక్క మిల్లీలీటరు గాలిలోనే ఉన్నదన్నమాట. అదిగాక నీరు వచ్చిన దారిన కొత్త గాలి కూడా వస్తూనే ఉంటుంది.

ఇక్కడ మరొక విచిత్రం ఉన్నది. పూర్తిగా మునిగిన ఉక్కు కంటె పలచని నీటి పొర కప్పుకున్న ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. పలచని పొర గుండా ఆమ్లజని సులభంగా లోహాన్ని చేరగలదు. సముద్ర గర్భం నుంచి వెలికితీసిన ఇనుప వస్తువులను పురావస్తు శాస్త్రజ్ఞులు గాలికి ఆరబెట్టకపోవడానికి ఇదొక కారణం. అమెరికా అంతర్యుద్ధంలో మునిగిన మానిటర్ అనే యుద్ధనౌక బురుజును 2002లో పైకి తీసి, వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్ పట్టణంలో ఉన్న మ్యూజియంలో క్షార జలంతో నిండిన తొట్టిలో ఏళ్ళ తరబడి నానబెట్టారు. తడిసిన వాచీని సగం ఆరబెట్టడమంటే లోహానికి అన్నిటికంటె ప్రమాదకరమైన స్థితిని మన చేతులతో కల్పించడమే.

సముద్రపు నీరు అయితే కష్టం రెండింతలు. అందులో నూటికి మూడున్నర వంతులు లవణాలు. క్లోరైడు అయాన్లు ఉక్కు మీది రక్షక పొరను చిల్లులు పొడుస్తాయి. అంతేకాదు, సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు ఉన్నది. గాలిలో తేమ నూటికి 33 వంతులు ఉంటే చాలు, అది ఆ తేమను పీల్చి తానే ద్రవమవుతుంది. మన ఊళ్ళలో వానాకాలం వస్తే జాడీలోని కల్లుప్పు చెమ్మగిల్లేది గుర్తున్నదా? అదే చర్య ఇక్కడ ఇరుసుల మీద జరుగుతుంది. కనుక సముద్రపు నీరు పోయిన వాచీ ఆరడం అనేది లేదు. ఈత కొలనులోని నీరు వీటి రెండింటికీ మధ్యస్థం. అందులో ఉప్పు తక్కువే అయినా సూక్ష్మజీవులను చంపడానికి కలిపే హైపోక్లోరస్ ఆమ్లం స్వయంగా ఆక్సీకరణ ద్రవ్యం.

మొదటి రోజు

ఈ లెక్కలన్నిటినుంచీ తేలే ఆచరణ చాలా చిన్నది. బొడిపె వదులుగా ఉంటే బిగించాలి. వాచీ తడిసినది ఉప్పు నీటిలో అయితే పైభాగాన్ని మంచినీటితో కడిగి తుడవాలి. తరువాత బొడిపెను లాగకూడదు, కీ ఇవ్వకూడదు, ముళ్ళు తిప్పకూడదు, ఊపకూడదు. చేతికి పెట్టుకోకుండా కదలకుండా ఒక చోట ఉంచితే స్వయంచాలిత వాచీ రెండు రోజులలోపు తానే ఆగిపోతుంది. అదే రోజు, లేదా మరునాటికి, గడియారాలు బాగుచేసే నిపుణుడి దగ్గరకు చేర్చాలి.

ఆ నిపుణుడు మొత్తం మరమ్మతు ఆ పూటే చెయ్యనక్కరలేదు. చాలామందికి తెలియని సంగతి ఇదే. వెనుక మూత తెరిచి, యంత్రాన్ని బయటికి తీసి, ముళ్ళనూ డయల్‌నూ వేరుచేసి, వెచ్చని పొడి గాలిలో ఆరబెట్టడం చేయి తిరిగినవాడికి అరగంట పని. అది జరిగితే మిగిలిన పనికి నెల రోజులు ఆగినా నష్టం తక్కువ. ఉప్పు నీరు పోయినట్టయితే మాత్రం ఆరబెట్టడానికి ముందు స్వేదన జలంతో కడగడం అవసరం. లవణాన్ని లోపలే ఉంచి ఆరబెడితే ఫలితం ఏమిటో పైన చెప్పుకున్నాం. వాచీని కంపెనీ వారి సేవా కేంద్రానికి తపాలాలో పంపి, అక్కడ అది వరుసలో మూడు వారాలు ఎదురు చూసేటట్టయితే, పంపే ముందు స్థానికంగా తెరిపించి ఆరబెట్టించడమే మేలని నా నిశ్చితాభిప్రాయం. అందువల్ల కంపెనీ హామీ పోతుందేమోనని వెనకాడేవారు ముందు ఫోనులో అడిగి తెలుసుకోవచ్చు.

పాత వాచీల విషయంలో ఒక హెచ్చరిక. 1960ల వరకు చీకటిలో మెరిసే డయళ్ళకు రేడియం కలిపిన రంగు వేసేవారు. రేడియం అర్ధాయువు 1,600 సంవత్సరాలు. రంగు మెరవడం మానినా రేడియోధార్మికత మానదు. నీటికి తడిసిన ఆ రంగు పొడిగా రాలుతుంది. తాతగారి వాచీని కుతూహలం కొద్దీ వంటింటి బల్ల మీద పిల్లల ముందు తెరవడం తగదు. ఆ తరువాత 1990ల దాకా వాడిన ట్రిటియం అర్ధాయువు 12.3 సంవత్సరాలే కనుక దానివల్ల భయం చాలా తక్కువ.

నిపుణుడి బల్ల మీద

మా ఊరి తెలుగు కుటుంబాలలో ఒకరి డేట్‌జస్ట్ సరస్సు ఒడ్డున జరిగిన వనభోజనాల నాడు తడిసింది. 1990లో దుబాయిలో కొని మామగారు పెళ్ళికి పెట్టిన వాచీ అది. మసక పోయింది కనుక బాగానే ఉందనుకొని మూడు వారాలు ధరించారు. ఒకనాడు తేదీ మారలేదు. మరునాడు బొడిపె తిరగలేదు. వాచీని విప్పుతున్నప్పుడు పక్కన కూర్చుని చూసే అవకాశం నాకు కలిగింది. కెంపులు, పెద్ద కమాను, హెయిర్‌స్ప్రింగ్ నిక్షేపంగా ఉన్నాయి. కీ ఇచ్చే కడ్డీ ఎర్రగా తుప్పు పట్టి దాని గొట్టంలో బిగిసిపోయింది. తేదీ మార్చే చక్రాల ఇరుసుల దగ్గర గోధుమరంగు పొడి. నీరు వచ్చిన దారి బొడిపె కనుక దానికి దగ్గరగా ఉన్న భాగాలు ముందుగా బలి అయ్యాయి. తడిసిన వాచీలలో తరచుగా కనిపించే వరుస ఇదే.

ఆ గోధుమరంగు పొడి సంగతి చెప్పాలి. తుప్పులో ప్రధానమైనది ఐరన్ ఆక్సైడు. దాన్నే మెత్తగా నూరి కంసాలులు బంగారానికి మెరుగు పెట్టడానికి వాడతారు. అంటే అది అరగదీసే పదార్థం. వాచీలోని నూనెలో కలిసిందంటే ప్రతి ఇరుసునూ అది సానపెడుతూ పోతుంది. అందువల్ల తుప్పు పట్టిన భాగాన్ని ఒక్కదాన్నీ మార్చి మిగిలినవాటిని వదిలివేయడం మరమ్మతు కాదు. ప్రతి మరమేకునూ విప్పి, ప్రతి చక్రాన్నీ విడదీసి, అన్నీ కడగాలి.

కడగడానికి వాడే ద్రావణాలలో అమోనియా, ఒలియిక్ ఆమ్లపు సబ్బు ఉంటాయి. శ్రవ్యాతీత ధ్వని తరంగాలు పుట్టించే తొట్టిలో కొద్ది నిమిషాలు ఉంచితే ఎండిన నూనె, చిలుము వదిలిపోతాయి. ఎక్కువసేపు ఉంచకూడదు. ఒత్తిడిలో ఉన్న ఇత్తడిని అమోనియా చీలుస్తుంది. ఈ రహస్యం బయటపడడానికి మూలం మన దేశమే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిలవచేసిన ఇత్తడి తూటాలు వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా, వాన తేమ కలిసి చేసిన పని అది అని 1921లో తేల్చారు.

కడిగిన తరువాత ఆల్కహాలుతో జాడించడం కొందరి అలవాటు. యాంకర్ ఆకారంలో ఉండే పాలెట్ ఫోర్క్ అనే భాగాన్ని మాత్రం అందులో నాననివ్వరాదు. దాని రెండు కొనలలోని కెంపులను చాలా వాచీలలో లక్కతో అతికిస్తారు. అవును, హైదరాబాదు లాడ్ బజారులో గాజులు చేసే లక్క వంటిదే, శుద్ధి చేసినది. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. స్విట్జర్లాండు వారి ఖరీదైన యంత్రం గుండెలో మన అడవి చెట్ల మీది పురుగు చేసిన జిగురు ఉండడం నాకెప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

తుప్పు పట్టిన ఉక్కు భాగాలను మూడు వర్గాలుగా విడదీస్తారు. పైపైన రంగు మారినవాటిని గాజు పీచు కుంచెతో, మెత్తని కర్రపుల్లతో శుభ్రం చేస్తారు. ఇరుసు కొనలకు కొద్దిగా గరుకు ఏర్పడితే చిన్న లేతు మీద ఉంచి నున్నగా రుద్దుతారు. గుంటలు పడిన భాగాలను మార్చడం తప్ప మార్గం లేదు. తుప్పును తొలగించే ఆమ్లాలు బజారులో దొరుకుతాయి. ఇత్తడి బిందెను చింతపండుతో తోమినట్టు వీటితో తోమితే సరిపోదా అనిపించవచ్చు. ఆమ్లం తుప్పును తీసివేస్తుంది, కాని తుప్పుగా మారిపోయిన లోహాన్ని తిరిగి ఇవ్వదు. పైగా మిగిలిన మంచి ఉక్కును కూడా కొంత తింటుంది. వెయ్యో వంతు తేడాకు రెండు నిమిషాలు తప్పే చోట అది పనికిరాదు.

ఒకే ఒక్క సందర్భంలో ఆ గుణమే వరమవుతుంది. తుప్పు పట్టిన మరమేకు తల విరిగి, ఒడలు ఇత్తడి పలకలోనే చిక్కుకుపోతే ఏం చేస్తారు? పలక మీద ఉన్న ఇతర ఉక్కు భాగాలన్నిటినీ తీసివేసి, పలకను వేడిగా ఉన్న పటిక ద్రావణంలో వేస్తారు. మన ఇళ్ళలో బురద నీటిని తేర్చడానికి వాడే పటికే. నీటిలో కరిగిన పటిక కొద్దిపాటి ఆమ్లత్వాన్ని ఇస్తుంది. ఇనుము ఆమ్లంనుంచి ఉదజనిని వెలువరించి కరగగలదు. రాగికి ఆ శక్తి లేదు. మరమేకు మీద సన్నని బుడగలు పుడతాయి. కొన్ని గంటలకో, ఒక రోజుకో అది నల్లని పొడిగా మారి రాలిపోతుంది. ఇత్తడిలోని మర చెక్కుచెదరదు. ఆ వాచీలో విరిగిన ఒక మరమేకును ఇలాగే తొలగించారు. గాజు గిన్నెలో బుడగలు లేవడాన్ని పాఠశాలలో చదివే మా అబ్బాయి గంటసేపు కదలకుండా చూశాడు. విద్యుత్ రసాయన శ్రేణిని వాడికి నేర్పడానికి నేను చేసిన ఇతర ప్రయత్నాలు ఏవీ అంతగా ఫలించలేదు.

అన్నిటినీ తిరిగి కూర్చేటప్పుడు ఒక్కొక్క చోట ఒక్కొక్క నూనె వేస్తారు. వేగంగా తిరిగే బాలెన్స్ ఇరుసుకు పలచనిది, నెమ్మదిగా తిరిగే పెద్ద చక్రాలకు చిక్కనిది, మీటలకు గ్రీజు. ఆపైన కొట్టుకునే శబ్దాన్ని విని వేగాన్ని లెక్కించే యంత్రం మీద వాచీని వివిధ భంగిమలలో ఉంచి పరీక్షిస్తారు.

డయల్, పాత భాగాలు, చివరి పరీక్ష

యంత్ర భాగాలను మార్చవచ్చు. మార్చితే తెలిసిపోయేది, మనసుకు బాధ కలిగించేది డయల్. ఇత్తడి పలక మీద రంగు, దాని మీద లక్కవంటి పారదర్శకమైన పూత, దాని మీద ముద్రించిన అక్షరాలు. తడిసిన డయల్‌ను తుడిస్తే అక్షరాలు కూడా ఊడి రావచ్చు. కనుక నిపుణులు దాన్ని తాకకుండా ఆరనిస్తారు. అంచుల వెంట మరక మిగులుతుంది. కంపెనీ సేవా కేంద్రాలు సాధారణంగా మరకపడిన డయల్‌ను కొత్త దానితో మార్చడానికే మొగ్గు చూపుతాయి. వాచీ కొత్తదిగా కనిపిస్తుంది. కాని పాత వాచీల విలువ కట్టేవారు అసలు డయల్‌కే ఎక్కువ విలువ ఇస్తారు. ఇంట్లోవారికి అది మామగారు పెట్టిన ముఖం.

ఈ విషయంలో నిర్ణయం మీది. అయితే దాన్ని వాచీ అప్పగించేటప్పుడే రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. నా అనుమతి లేకుండా డయల్, ముళ్ళు మార్చవద్దు, తీసివేసిన భాగాలను తిరిగి ఇవ్వండి, కవచాన్ని మెరుగు పెట్టవద్దు అని ముందే రాయకపోతే తరువాత అడిగి లాభం లేదు. కొన్ని కంపెనీలు పాత భాగాలను తిరిగి ఇవ్వవు. అటువంటి నియమం ఉన్నదో లేదో ముందే అడగాలి. చాలా స్విస్ కంపెనీలు తమ గుర్తింపు లేని నిపుణులకు విడిభాగాలు అమ్మవు. కనుక స్వతంత్రంగా పనిచేసే నిపుణుణ్ణి ఎంచుకునేటప్పుడు భాగాలు ఎక్కడి నుంచి తెస్తారన్నది మొదటి ప్రశ్న కావాలి. నేను చెప్పిన వాచీకి కడ్డీ, తేదీకి సంబంధించిన రెండు చక్రాలు, గాస్కెట్లన్నీ మార్చారు. డయల్ అంచున మూడు గంటల దగ్గర గోరంత మరక అలాగే ఉంచారు. వారి కుటుంబం కోరినది అదే.

మూత బిగించిన తరువాత ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. మొదట పొడి గాలిలో ఒత్తిడి మార్చి కవచం ఎంత ఉబ్బుతున్నదో, ఎంత కుంగుతున్నదో సున్నితంగా కొలుస్తారు. అందులో నెగ్గినదానినే నీటి పరీక్షకు పంపుతారు. చివరిది ఇంట్లో కూడా అర్థం చేసుకోగలిగిన పరీక్ష: వాచీని 40 నుంచి 45 డిగ్రీల వేడి పలక మీద కాసేపు ఉంచి, అద్దం మీద చల్లని నీటి బొట్టు ఒకటి వేసి, ఒక నిమిషం తరువాత తుడుస్తారు. బొట్టు ఉన్న చోట లోపలివైపు మసక కనిపిస్తే లోపల ఇంకా తేమ ఉన్నదని అర్థం, మళ్ళీ విప్పవలసిందే. ఈ పరీక్షల ఫలితాన్ని కాగితం మీద రాయించుకోవడం మంచిది. ఈతకు వెళ్ళే అలవాటు ఉన్నవారు ఒత్తిడి పరీక్షను ఏటా, వేసవి మొదలయ్యే ముందు, మళ్ళీ చేయించాలి.